మేరీ క్యూరీ – రేడియం కంటే ముందు అయస్కాంతాలు



ఈ నెల గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. నేను మేరీ క్యూరీ గురించి రాస్తున్నాను. ఆమె పేరు చెప్పగానే అందరం రేడియం అంటాము. బిట్ ప్రశ్నల్లో కూడా అదే ఇస్తారు. కానీ చదువు అయ్యాక ఆమె మొట్టమొదట చేసిన పని రేడియం మీద కాదు. అయస్కాంతాల మీద. ఉక్కులో ఏ లోహం కొంచెం కలిపితే అయస్కాంతం ఎలా మారుతుందో ఆమె కొలిచింది. ఆ పనికి వచ్చిన డబ్బుతో ఏం చేసిందో చదివాక నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మీరందరూ కూడా ఆ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

పుట్టుక, బాల్యం

మేరీ క్యూరీ 1867 నవంబరు 7న పోలండు దేశంలోని వార్సా నగరంలో పుట్టింది. అప్పుడు ఆమె పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. ఇంట్లో ముద్దుగా మాన్యా అని పిలిచేవాళ్ళు. ఐదుగురు పిల్లల్లో ఆమే ఆఖరుది. నాన్నగారు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. అమ్మగారు ఆడపిల్లల బడి నడిపేది.

ఆ రోజుల్లో మ్యాపులో పోలండు అనే దేశమే లేదు. పక్కనున్న మూడు రాజ్యాలు దాన్ని మూడు ముక్కలుగా పంచేసుకున్నాయి. వార్సా రష్యా రాజు కింద ఉండేది. రష్యావాళ్ళు పోలండు బడుల్లో సైన్సు ప్రయోగాలు ఆపించేశారు. అప్పుడు నాన్నగారు ఆ పరికరాలన్నీ ఇంటికి తెచ్చుకుని ఒక అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. చిన్న మాన్యా ఆ బీరువా ముందు నిలబడి గాజు గొట్టాలను, తక్కెడలను చూస్తూ ఉండేది. బడిలో లేని సైన్సు ఇంట్లో బీరువాలో ఉందన్నమాట.

తర్వాత నాన్నగారిని పెద్ద ఉద్యోగం నుంచి దించేశారు. జీతం తగ్గింది. ఇల్లు గడవక ఇంట్లోనే కొంతమంది మగపిల్లల్ని ఉంచుకుని, భోజనం పెట్టి చదువు చెప్పేవారు. మన హాస్టల్ లాగే ఇల్లంతా పిల్లలు, పెట్టెలు, పరుపులు. అలా ఉన్న పిల్లల్లో ఒకరి నుంచి టైఫస్ జ్వరం అంటుకుని పెద్దక్క జోఫియా చనిపోయింది. 1878లో అమ్మ కూడా క్షయ జబ్బుతో చనిపోయింది. అప్పటికి మాన్యాకు పదేళ్ళు.

ఇంటి భాష, బడి భాష

మాన్యా ఇంటి భాష పోలిష్. బడిలో మాత్రం రష్యన్‌లోనే చదవాలి. ఆమె చదివిన బడిలో టీచర్లు దొంగచాటుగా పోలిష్‌లో పాఠం చెప్పేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని గంట మోగగానే ఆ పుస్తకాలు దాచేసి, కుట్టుపని చేస్తున్నట్టు కూర్చునేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు రష్యన్‌లో బాగా జవాబు చెప్పేది మాన్యానే కాబట్టి ఆమెనే లేపేవాళ్ళు. ఆమె రష్యా రాజుల పేర్లు వరసగా, తప్పు లేకుండా అప్పజెప్పేది. ఆయన వెళ్ళిపోయాక ఏడ్చేసేది.

ఇది చదివినప్పుడు నాకు మన కోయ పిల్లలు గుర్తొచ్చారు. మన భాషను ఎవరూ నిషేధించలేదు, అది నిజం. కానీ గూడెం నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు తెలుగు పుస్తకం ఎంత భయమో మనకందరికీ తెలుసు. మన ఇళ్ళల్లో మంచినీళ్ళను ఏరు అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతిలో నేను ఏరు, ఏరు అని అడిగితే, వాగుకి పోవద్దు కూర్చో అన్నారు. దాహం నాకు, వాగు వాళ్ళకు. అప్పటినుంచి నేను నోట్లో ముందు తెలుగు మాట తయారు చేసుకుని తర్వాత చెయ్యి ఎత్తేదాన్ని. మాన్యా కూడా అలాగే ఒక భాషలో బతికి ఇంకో భాషలో పరీక్షలు రాసింది.

1883లో, పదిహేనేళ్ళకే, ఆమె హైస్కూలు చదువు బంగారు పతకంతో పూర్తి చేసింది. కానీ వార్సా విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళను చేర్చుకునేవారు కాదు. అందుకని ఆడవాళ్ళు, కుర్రాళ్ళు కలిసి రహస్యంగా ఒక చదువు ఏర్పాటు చేసుకున్నారు. ఒక రోజు ఒకరి ఇంట్లో, ఇంకో రోజు ఇంకొకరి ఇంట్లో పాఠాలు. పోలీసులకు దొరక్కుండా చోటు మారుతూ ఉండేది కాబట్టి దానికి ఎగిరే విశ్వవిద్యాలయం అని పేరు వచ్చింది.

అక్కాచెల్లెళ్ళ ఒప్పందం

మాన్యా అక్క బ్రోన్యాకు డాక్టరు కావాలని ఆశ. దానికి పారిస్ పోవాలి. ఇద్దరినీ పంపడానికి నాన్న దగ్గర డబ్బు లేదు. అప్పుడు మాన్యానే ఒక ఉపాయం చెప్పింది. ముందు అక్క పారిస్ వెళ్ళి చదువుకోవాలి. చెల్లెలు ఉద్యోగం చేసి డబ్బు పంపుతుంది. అక్క డాక్టరు అయ్యాక చెల్లెల్ని చదివించాలి. ఇదీ ఒప్పందం.

1886లో మాన్యా ష్చుకి అనే పల్లెకు వెళ్ళింది. ఒక ఎస్టేటు యజమాని ఇంట్లో ఉండి వాళ్ళ పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం. చుట్టూ పంచదార దుంప పొలాలు. మన తణుకు వైపు చెరకు ఉన్నట్టు అక్కడ దుంప. ఆ పొలాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకు చదువు లేదు. మాన్యా తన పని అయ్యాక సాయంత్రాలు ఆ పిల్లల్ని తన గదికి పిలిచి పోలిష్ అక్షరాలు నేర్పేది. ఆ సంగతి బయటపడితే సైబీరియాకు పంపించేసేవాళ్ళు. అయినా మానలేదు. రాత్రి అందరూ పడుకున్నాక తన సొంతానికి లెక్కలు, భౌతికశాస్త్రం చదువుకునేది.

ఆ ఇంటి పెద్దబ్బాయి ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు. పనిపిల్లతో పెళ్ళేమిటని వాళ్ళ పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఆమెకు చాలా అవమానం అయింది. కానీ ఉద్యోగం వదిలేస్తే అక్కకు డబ్బు ఆగిపోతుంది. అందుకని ఓర్చుకుని అదే ఇంట్లో ఇంకా పనిచేసింది.

మా అక్క ఏడో తరగతితో మానేసింది. ఇప్పుడు మిరపకోతలకు పోతుంది. నాకు పండక్కి బట్టలు, పెన్నులు ఆ కూలిలోంచే వస్తాయి. మేము కాగితం మీద ఏ ఒప్పందమూ రాసుకోలేదు. మన హాస్టల్లో చాలామంది వెనకాల ఇలాంటి ఒక అక్కో, అన్నో ఉన్నారు.

పారిస్ చదువు

అక్క బ్రోన్యా మాట నిలబెట్టుకుంది. 1891లో మాన్యా పారిస్ వెళ్ళింది. రైల్లో అన్నిటికన్నా తక్కువ తరగతి టికెట్ కొనుక్కుంది. ఆ పెట్టెలో సీట్లు ఉండవు కాబట్టి మడత కుర్చీ, దుప్పటి, తిండి అన్నీ వెంట తీసుకుని వెళ్ళింది. సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు తన పేరు ఫ్రెంచి పద్ధతిలో మేరీ అని రాసుకుంది.

అక్కడ మొదట్లో ఆమెకు చాలా కష్టమైంది. తనకు ఫ్రెంచి వచ్చు అనుకుంది గానీ సార్లు గబగబా చెబుతుంటే అర్థమయ్యేది కాదు. లెక్కల్లో కూడా మిగతావాళ్ళకంటే వెనకబడి ఉంది. ఊరుకోకుండా రాత్రింబవళ్ళు చదివింది. మేడ మీద పైకప్పు కింద చిన్న గది. చలికాలం గిన్నెలో నీళ్ళు గడ్డ కట్టేవి. ఉన్న బట్టలన్నీ కప్పుకుని పడుకునేది. తిండి సరిగా తినక ఒకసారి కళ్ళు తిరిగి పడిపోతే అక్క, బావ వచ్చి తీసుకెళ్ళి అన్నం పెట్టి పంపారు.

1893లో భౌతికశాస్త్రం పరీక్షలో ఆమె మొదటి స్థానంలో వచ్చింది. ఆ తర్వాత ఇంకా చదవడానికి డబ్బు లేదు. అప్పుడు స్వదేశం నుంచి 600 రూబుళ్ళ స్కాలర్‌షిప్ వచ్చింది. దాన్ని అలెక్సాండ్రొవిచ్ స్కాలర్‌షిప్ అంటారు. ఆ డబ్బుతో చదివి 1894లో లెక్కల పరీక్షలో రెండో స్థానంలో వచ్చింది. ఈ 600 రూబుళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

అయస్కాంతాల పని

1894లో ఆమెకు మొదటి పని దొరికింది. ఫ్రాన్సులో జాతీయ పరిశ్రమలను ప్రోత్సహించే సంఘం ఒకటి ఉంది. రకరకాల ఉక్కుల అయస్కాంత గుణాలను కొలిచి చెప్పమని వాళ్ళు ఆమెకు డబ్బిచ్చి పని అప్పగించారు. ఎందుకంటే కరెంటు కొలిచే మీటర్లకు, టెలిఫోన్లకు, ఇంకా చాలా యంత్రాలకు మంచి అయస్కాంతాలు కావాలి. కొన్ని ఉక్కులు త్వరగా బలం పోగొట్టుకునేవి. కొన్ని చాలాకాలం నిలిచేవి.

ఉక్కు అంటే ఇనుములో కొంచెం బొగ్గు పదార్థం, అంటే కార్బన్, కలిసినది. అందులో ఇంకా టంగ్‌స్టన్, మాలిబ్డినం, క్రోమియం లాంటి లోహాలు కొంచెం కొంచెం కలపొచ్చు. మేరీ ఉక్కు ఫ్యాక్టరీల నుంచి ఈ రకాలన్నీ తెప్పించుకుంది. ఏ ఉక్కులో ఏది ఎంత ఉందో రసాయన పరీక్ష చేయించారు. కొడవలి చేసేటప్పుడు కమ్మరాయన ఇనుమును ఎర్రగా కాల్చి చటుక్కున నీళ్ళలో ముంచుతాడు కదా. అలాగే ఆమె కూడా కడ్డీలను కాల్చి ముంచి, ఎంత వేడిలో ముంచితే ఎలా ఉందో చూసింది. తర్వాత ఒక్కొక్క కడ్డీని అయస్కాంతంగా మార్చి రెండు సంగతులు కొలిచింది. ఒకటి, కరెంటు తీసేశాక దాంట్లో ఎంత బలం మిగిలింది. రెండు, ఆ మిగిలిన బలాన్ని పోగొట్టడానికి ఎదురుగా ఎంత శక్తి పెట్టాలి. ఈ రెండోది అయస్కాంతం ఎంత మొండిదో చెబుతుంది.

టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు, మాలిబ్డినం కలిపిన ఉక్కు మంచి మొండి అయస్కాంతాలు అవుతాయని ఆమె కొలతల్లో తేలింది. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. టంగ్‌స్టన్ ముక్కను అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కోదు. మాలిబ్డినం కూడా అతుక్కోదు. తమకు లేని గుణాన్ని అవి ఇనుములో నిలబెడుతున్నాయి. అంటే పదార్థం గుణం దాంట్లో ఎక్కువగా ఉన్నదాన్ని బట్టే కాదు, కొంచెంగా కలిసినదాన్ని బట్టి కూడా మారుతుంది. ఈ పని 1897లో పూర్తయి 1898లో అచ్చయింది.

ఈ పనివల్లనే ఆమెకు పియరీ క్యూరీ పరిచయం అయ్యాడు. ఉక్కు కడ్డీలు, పరికరాలు పెట్టుకోవడానికి ఆమెకు చోటు చాలలేదు. తెలిసిన పోలండు ప్రొఫెసర్ ఒకాయన, పియరీ అయస్కాంతాల సంగతి బాగా తెలిసినవాడు, చోటు చూపిస్తాడేమో అని ఇద్దరినీ కలిపాడు. పియరీ చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు, ఇంట్లోనే చదువుకున్నాడు. వేడి పెరిగితే అయస్కాంత గుణం ఎలా తగ్గుతుందో ఆయన కొలిచాడు. ఇనుమును సుమారు 770 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే అయస్కాంతం దాన్ని లాగదు. చల్లారితే మళ్ళీ లాగుతుంది. ప్రతి అయస్కాంత పదార్థానికి ఇలాంటి ఒక వేడి హద్దు ఉంటుంది. దాన్ని ఇప్పుడు క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

1895 జులై 26న వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ప్రయోగశాలలో కూడా పనికొచ్చేలా ఆమె ముదురు నీలం గుడ్డతో పెళ్ళి బట్టలు కుట్టించుకుంది. పెళ్ళి కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్ళు కొనుక్కుని ఊళ్ళు తిరిగారు.

600 రూబుళ్ళు

ఇప్పుడు అసలు సంగతి. అయస్కాంతాల పనికి సంఘం ఇచ్చిన డబ్బు ఆమె మొదటి సంపాదన లాంటిది. ఆమె ఆ డబ్బులో నుంచి కొంచెం కొంచెం దాచి, 600 రూబుళ్ళు పోగుచేసి, తనకు స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ళకు తిరిగి కట్టేసింది.

స్కాలర్‌షిప్ అప్పు కాదు. తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. అంతకుముందు అలా ఎవరూ ఇచ్చింది లేదు. వాళ్ళు ఆశ్చర్యపోయారట. ఆ డబ్బు తన దగ్గరే ఉండిపోతే తనలాంటి ఇంకో పేదపిల్ల చదువు ఆగిపోతుందని ఆమె లెక్క. తను మాత్రం అప్పుడేమీ డబ్బున్నది కాదు. అద్దె ఇల్లు, వంట, చంటిబిడ్డ అన్నీ ఆ రోజుల్లోనే. పెద్దకూతురు ఐరీన్ 1897 సెప్టెంబరులో పుట్టింది.

ఇప్పటి నల్ల అయస్కాంతాలు

మేరీ కొలిచినవి ఉక్కు అయస్కాంతాలు. ఈ రోజుల్లో మనకు ఎక్కువగా కనిపించేవి ఫెర్రైట్ అయస్కాంతాలు. మన సైన్సు సారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చేటప్పుడు పాడైపోయిన లౌడ్ స్పీకర్‌లోంచి తీసిన నల్లటి రింగు ఒకటి తెచ్చి క్లాసులో చూపించారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో మోగే పెద్ద స్పీకర్లలోనూ, సెల్ ఫోన్‌కి తగిలించుకునే చిన్న పెట్టెల్లోనూ అయస్కాంతం ఉండాల్సిందే. ఈ నల్ల రింగు చూడటానికి కాలిన కుండపెంకులా ఉంది. కిందపడితే పెంకులాగే పగులుతుంది. ఎందుకంటే అది లోహం కాదు. ఇనుప తుప్పు లాంటి పదార్థంలో వేరే లోహాల ఆక్సైడ్ కలిపి, అచ్చుపోసి, బట్టీలో కాల్చినది.

ప్రకృతిలో కూడా ఫెర్రైట్ ఉంది. వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పితే సన్నటి నల్ల రేణువులు మీసాల్లా అంటుకుంటాయి. మనమందరం ఆడుకున్నాం. అది మాగ్నటైట్. దాంట్లో ఇనుము, ఆక్సిజన్ ఉంటాయి. దాంట్లో కొంత ఇనుము తీసి ఆ చోట నికెల్, మాంగనీసు, జింకు లాంటివి కూర్చోబెడితే కొత్త ఫెర్రైట్లు తయారవుతాయి. జపానులో కాటో, టకెయి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1930 ప్రాంతంలో ఇలాంటివి తయారు చేశారు.

ఇక్కడ కూడా మేరీ చూసిన విచిత్రం లాంటిదే ఉంది. టార్చిలైటు మామూలు సెల్లు లోపలి డబ్బా జింకుతో చేస్తారు. సారు దాన్ని కోసి అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కోలేదు. కానీ నికెల్ ఫెర్రైట్‌లో కొంచెం నికెల్ బదులు జింకు పెడితే అయస్కాంత బలం పెరుగుతుంది. చేవలేనిది వస్తే చేవ పెరగడం ఏమిటని మా క్లాసంతా అడిగాం.

సారు తాడులాగుడు పోటీతో చెప్పారు. ఫెర్రైట్ లోపల అణువులకు రెండు రకాల చోట్లు ఉంటాయి. ఒక రకం చోట్లలో ఉన్నవి ఒకవైపు లాగుతాయి. రెండో రకం చోట్లలో ఉన్నవి ఎదురువైపు లాగుతాయి. రెండో జట్టులో మనుషులు ఎక్కువ కాబట్టి అదే గెలుస్తుంది. ఎంత తేడాతో గెలిచిందో అదే మనకు తెలిసే అయస్కాంత బలం. ఇప్పుడు జింకు వచ్చి మొదటి జట్టులో కూర్చుంటుంది. అది తాడు పట్టుకోదు. అక్కడున్న ఇనుము లేచి రెండో జట్టులోకి పోతుంది. మొదటి జట్టు చిక్కిపోయింది, రెండో జట్టు బలిసింది. గెలుపు తేడా పెరిగింది.

అలాగని జింకు ఎంత పెడితే అంత మంచిది కాదు. ఎదుటి జట్టు లాగుతున్నంతసేపే మన జట్టు ఒక్క వరుసలో నిలబడుతుంది. ఎదుట లాగేవాళ్ళే లేకపోతే మనలో మనం తోసుకుంటాం. అలాగే జింకు మరీ ఎక్కువైతే రెండో జట్టులోని అణువుల వరుస చెడిపోతుంది. బలం పడిపోతుంది. నికెల్ మొత్తం తీసేసి జింకే పెడితే మామూలు వేడిలో అది అయస్కాంతంగా పనిచేయదు. జింకు పెరిగేకొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత కూడా తగ్గిపోతుంది. అంటే కొంచెం వేడికే గుణం పోతుంది. ఈ రెండు జట్ల సంగతిని 1948లో లూయీ నీల్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్త వివరించాడు. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

అన్ని ఫెర్రైట్లూ ఒక పనికి కాదు. స్పీకరుకు బలం వదలని మొండి రకం కావాలి. దానికి బేరియం గాని స్ట్రాన్షియం గాని కలుపుతారు. రేడియో లోపల ఉండే నల్ల కడ్డీకి క్షణక్షణం మారే మెతక రకం కావాలి. దానికి నికెల్, మాంగనీసు, జింకు కలుపుతారు. ఏ పనికి ఏది ఎంత మార్చాలో కొలిచి తెలుసుకోవాలి. మేరీ చేసినదీ ఆ కొలతే.

రేడియం, తర్వాతి జీవితం

ఉక్కు పని అయిపోగానే ఆమె యురేనియం కిరణాల పని మొదలుపెట్టింది. ఉక్కు కడ్డీలను వరుసగా పరీక్ష చేసినట్టే, దొరికిన ఖనిజాలన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్ష చేసింది. పిచ్‌బ్లెండ్ అనే నల్లరాయిలో యురేనియం ఎంత ఉందో దానికి తగినంత కాకుండా చాలా ఎక్కువ కిరణాలు వచ్చాయి. అంటే దాంట్లో ఎవరికీ తెలియనిది ఏదో కొంచెంగా కలిసి ఉందని ఆమె పట్టుకుంది. కొంచెంగా కలిసినదే గుణాన్ని మారుస్తుందని ఉక్కు పనిలో చూసింది కాబట్టే ఆమె ఆ రాయిని వదల్లేదని నాకు అనిపిస్తుంది.

1898 జులైలో ఒక కొత్త మూలకం బయటపెట్టారు. మ్యాపులో లేని తన దేశం పేరుతో దానికి పొలోనియం అని పేరు పెట్టింది. అదే ఏడు డిసెంబరులో రేడియం. తర్వాత వాన కారే ఒక పాత రేకుల షెడ్డులో టన్నులకొద్దీ రాతిపొడిని ఉడకబెట్టి, కలియబెట్టి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం లవణం తీసింది. 1903లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పియరీకి, ఆమెకు, బెకెరెల్ గారికి వచ్చింది. నోబెల్ పొందిన మొదటి స్త్రీ ఆమే. 1906 ఏప్రిల్ 19న పియరీ పారిస్ వీధిలో గుర్రపుబండి కింద పడి చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు ఆమెకు మిగిలారు. ఆయన చెప్పే పాఠాలను ఆ ఏడాదే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సోర్బాన్‌లో పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఆమే. 1911లో రసాయనశాస్త్రంలో మళ్ళీ నోబెల్ వచ్చింది. రెండు వేరువేరు సైన్సుల్లో నోబెల్ పొందినవారు ఇప్పటికీ ఆమె ఒక్కరే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆమె మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రాలు పెట్టించి, దెబ్బలు తగిలిన సైనికుల దగ్గరకు తానే వెళ్ళింది. కూతురు ఐరీన్ కూడా సాయం చేసింది. 1918లో పోలండు మళ్ళీ దేశం అయింది. 1932లో వార్సాలో రేడియం వైద్యశాల తెరిచారు. దాన్ని చూసుకున్నది ఎవరనుకున్నారు? అక్క బ్రోన్యానే.

రేడియం కిరణాలు ఒంటికి చెరుపు చేస్తాయని ఆ రోజుల్లో సరిగా తెలియదు. ఆమె ఒట్టి చేతులతో పట్టుకునేది. రక్తం తయారవడం ఆగిపోయే జబ్బు వచ్చి 1934 జులై 4న చనిపోయింది. మరుసటి ఏడాది ఐరీన్‌కు, ఆమె భర్తకు నోబెల్ వచ్చింది.

మనం ఏం చేయొచ్చు

మన హాస్టల్ నుంచి ఈ సంక్రాంతికి ఇళ్ళకు పోయినవాళ్ళలో ఇద్దరు మూడో తరగతి పిల్లలు తిరిగి రాలేదు. బెంగ పెట్టుకున్నారని అందరూ అన్నారు. బెంగే కాదు, క్లాసులో చెప్పేది అర్థం కాక నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ పక్కన కోయలో చెప్పేవాళ్ళు ఒకరుంటే ఉండేవాళ్ళేమో అని నాకు అనిపిస్తుంది.

మనం 600 రూబుళ్ళు కట్టలేం. కానీ మనకూ ఇక్కడ తిండి, పుస్తకాలు, చదువు ఎవరో పెడుతున్నారు. అందుకని మా తొమ్మిదో తరగతి పిల్లలం పదకొండుమందిమి పేర్లు ఇచ్చాం. ఒక్కొక్కరం ఒక్కో చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రి స్టడీలో అరగంట, ఆ రోజు పాఠాన్ని ముందు కోయలో చెప్పి తర్వాత తెలుగులో చదివిస్తాం. ఏడాది చివర మన పాఠ్యపుస్తకాలను చింపకుండా, గీతలు లేకుండా కింది తరగతివాళ్ళకు ఇస్తాం.

వార్డెన్ మేడం గారికి మా మనవి ఒకటే. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది వరకు భోజనాల హాలులో లైటు ఉంచి, చిన్నపిల్లల్ని మా దగ్గర కూర్చోనివ్వాలి. ఎనిమిదో తరగతి, పదో తరగతి అక్కాచెల్లెళ్ళు ఎవరైనా చేరాలనుకుంటే ఈ గోడపత్రిక కింద అతికించిన తెల్లకాగితం మీద పేరు రాయండి. ఆ తిరిగి రాని ఇద్దరిలో ఒకరిది మా పక్క గూడెమే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మతో నేను మాట్లాడతాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని